తపస్సుకు కొలత

శరీరాన్ని ఎంత కష్టపెడితే తపస్సు అంత గొప్పదవుతుందా అన్నది ఈ దేశపు మత చింతనలో చాలా పాత ప్రశ్న. ఉపవాసం, కాలినడక, మెట్లెక్కడం, నేలపడక, చన్నీటి స్నానం వంటి నియమాలన్నిటి వెనకా ఈ ప్రశ్న ఉంది. దీనికి రెండు జవాబులు వినిపిస్తూ వచ్చాయి. ఫలమిచ్చేది కష్టమే కనుక కష్టం పెరిగినకొద్దీ ఫలమూ పెరుగుతుందని ఒక పక్షం. కష్టం సాధనమే తప్ప ఫలం కాదు, సాధనానికి మోతాదు ఉండితీరాలని రెండో పక్షం. శారీరక శ్రమ వల్ల రక్తకణాల సంఖ్య ఎలా మారుతుందన్న దానిపై నూరేళ్లకు పైగా సాగిన పరిశీలనలు ఈ చర్చలోకి ఒక సాక్ష్యాన్ని తెస్తాయి. శ్రమ తీవ్రతకు రక్తం ఒకలా స్పందిస్తుంది, శ్రమ సాగిన కాలానికి మరొకలా, వారాల తరబడి చేసిన అలవాటుకు ఇంకొకలా. శరీరమే ఇన్ని లెక్కలు వేరువేరుగా రాసుకుంటున్నప్పుడు, తపస్సును 'ఎక్కువ' అనే ఒక్క మాటతో తూచడం కుదరదు.

ఇంద్రకీలాద్రి, డెల్టా సంప్రదాయాలు

కృష్ణా డెల్టాలో ఆ రెండు పక్షాలకూ బలమైన వేర్లున్నాయి. విజయవాడలో నది ఒడ్డున నిలిచిన ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేశాడని స్థలపురాణం చెబుతుంది. మహాభారతం అరణ్యపర్వంలో ఆ తపస్సు జరిగింది హిమాలయ ప్రాంతంలో. అయినా బెజవాడ వారి నమ్మకంలో కిరాతార్జునుల కథ ఈ కొండదే. ఆ కథను చెక్కిన పాత శిలాస్తంభం కూడా ఇక్కడ ఉంది.

అదే కొండకు ఏటా భవానీ దీక్షాధారులు వస్తారు. ఎర్రబట్టలు కట్టి, మాల వేసుకుని, నేలమీద పడుకుంటూ, ఆహారనియమం పాటిస్తూ మండలం, అంటే 41 రోజులు గడిపి, డిసెంబరు ప్రాంతంలో ఇరుముడితో కనకదుర్గమ్మ సన్నిధికి చేరి దీక్ష విరమిస్తారు. చాలామంది దూరపు ఊళ్ల నుంచి చెప్పుల్లేకుండా నడిచి వస్తారు. దర్శనానికి ముందు కుమ్మరిపాలెం, సితార సెంటరు, చిట్టినగర్ మీదుగా కొండ చుట్టూ గిరిప్రదక్షిణ చేస్తారు. నగరానికి రెండో వైపున గుణదల కొండ మీది మేరీమాత క్షేత్రానికి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకు క్రైస్తవ యాత్రికులు ఇలాగే తరలివచ్చి మెట్లెక్కుతారు. మొక్కు, నడక, ఎక్కడం ఈ నేల మీద ఏ ఒక్క మతానికో చెందినవి కావు.

రెండో పక్షం కూడా ఇక్కడిదే. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, గుడివాడలలో బయటపడిన స్తూపాలు ఒకప్పుడు డెల్టా అంతటా బౌద్ధం ఎంతగా పాతుకుందో చూపిస్తాయి. భోగంలో మునగడమూ దేహాన్ని హింసించడమూ రెండూ దారి తప్పడమేనని చెప్పిన మధ్యేమార్గం ఆ ధర్మానికి పునాది. కొండ మీద అర్జునుడి ఉగ్ర తపస్సు, కొండ చుట్టూ ఊళ్లలో బుద్ధుడి మితమార్గం ఉండటం వల్ల మోతాదు ప్రశ్న ఈ ప్రాంతానికి సొంతమైంది.

రిపోర్టులోని అంకెకు అర్థం

రక్తపరీక్షల్లో సామాన్యమైనది సీబీపీ. ఒక మైక్రోలీటరు రక్తంలో ఏ కణాలు ఎన్ని ఉన్నాయో అది లెక్క చెబుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దల్లో తెల్లకణాలు దాదాపు 4,000 నుంచి 11,000 వరకు, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు, ఎర్రకణాలు సుమారు 40 నుంచి 55 లక్షల వరకు ఉంటాయి. ఈ అంకె ఒంట్లోని మొత్తం కణాల సంఖ్య కాదు. ఆ క్షణంలో, ఆ రక్తనాళంలో ప్రవహిస్తున్న రక్తంలో అవి ఎంత చిక్కగా ఉన్నాయన్నదే.

అందువల్ల అంకె మారడానికి మూడు దారులున్నాయి. ఇతరచోట్ల ఆగివున్న కణాలు ప్రవాహంలోకి రావచ్చు, లేదా ప్రవాహం వదిలి వెళ్లవచ్చు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా తగ్గి రక్తం చిక్కబడవచ్చు, పెరిగి పలచబడవచ్చు. చివరిది, ఎముకల మూలుగలో కొత్త కణాలు పుట్టవచ్చు, పాతవి నశించవచ్చు. మొదటి రెండు దారుల్లో అంకె మారుతుంది గానీ ఒంట్లో కొత్తగా చేరిన కణం గానీ పోయిన కణం గానీ ఏదీ ఉండదు. శ్రమ ప్రభావం గురించిన గందరగోళమంతా ఈ మూడింటినీ ఒకటిగా చూడటం వల్ల వచ్చేదే.

తీవ్రత చేసే పని

ఎవరైనా కొండమెట్లు ఆపకుండా వేగంగా ఎక్కితే కొద్ది నిమిషాల్లోనే తెల్లకణాల సంఖ్య పెరుగుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో దాదాపు సగం విశ్రాంతి సమయంలో ప్రవాహంలో ఉండవు. సన్నని నాళాల గోడలను అంటిపెట్టుకుని ఉంటాయి. శ్రమ తీవ్రమైనప్పుడు గుండె వేగం, రక్త ప్రవాహపు ఒరిపిడి, అడ్రినలిన్ కలిసి వాటిని గోడల నుంచి విడిపిస్తాయి. లింఫోసైట్ల సంఖ్య ఇంకా చురుగ్గా లేస్తుంది. వాటిలోనూ వైరస్ సోకిన కణాలను చంపే సహజ హంతక కణాలు కొన్ని రెట్లు పెరగగలవు. ప్లేట్‌లెట్లలో మూడోవంతు ప్లీహంలో నిలవ ఉంటాయి కనుక వాటి సంఖ్యా పెరుగుతుంది. చెమటగా, కండరాల్లోకి ఊటగా ప్లాస్మా కొంత తగ్గడంతో ఎర్రకణాలూ హిమోగ్లోబిన్ కూడా పెరిగినట్టు కనిపిస్తాయి.

శ్రమ ఆగిన గంట రెండు గంటల్లో లింఫోసైట్ల సంఖ్య మొదటికన్నా కిందికి దిగుతుంది. సాధారణంగా మర్నాటికి యథాస్థితికి వస్తుంది. ఆ దిగుదలను చూసి, కఠిన శ్రమ తరవాత కొన్ని గంటలు రోగనిరోధక శక్తి తలుపు తెరిచిపెట్టినట్టు ఉంటుందని పరిశోధకులు చాలాకాలం భావించారు. ఇటీవలి వివరణ వేరు: ఆ కణాలు ఎక్కువభాగం చనిపోవు, ఊపిరితిత్తులు, పేగులు వంటి చోట్లకు కాపలాకు వెళతాయి. అయితే నిద్రలేమి, తిండి లోపం, జనసమ్మర్దం కలిసినప్పుడు జబ్బుపడే అవకాశం పెరుగుతుందన్నది ఎవరూ కాదనరు. పెరిగిన అంకె లాభం కాదు, తగ్గిన అంకె నష్టం కాదు అన్నది ఇక్కడ తేలే మొదటి సంగతి.

కాలం చేసే పని

శ్రమ గంటల తరబడి సాగితే రెండో దశ మొదలవుతుంది. ఇందులో అడ్రినలిన్ కన్నా కార్టిసాల్ అనే హార్మోన్‌ది పెద్ద పాత్ర. దాని ప్రభావంతో మూలుగ తన నిల్వలోని న్యూట్రోఫిల్స్‌ను రక్తంలోకి వదులుతుంది. నడక ఆగిపోయినా ఈ పెరుగుదల కొన్ని గంటలపాటు కొనసాగుతుంది. రాల్ఫ్ లారబీ అనే వైద్యుడు బోస్టన్ మారథాన్ పరుగువీరుల రక్తాన్ని పరీక్షించి 1902లో దీన్ని నమోదు చేశాడు. పరుగు తరవాత వారి తెల్లకణాల చిత్రం వాపు, ఇన్ఫెక్షన్ ఉన్న రోగుల రక్తాన్ని పోలి ఉందని ఆయన గమనించాడు. మారథాన్ వంటి శ్రమ తరవాత తెల్లకణాలు మామూలుకన్నా రెండు మూడు రెట్లకు చేరడం తరవాతి పరిశీలనల్లోనూ కనిపించింది.

దీనికి ఒక ఆచరణ విలువ ఉంది. రోజుల తరబడి నడిచివచ్చిన యాత్రికుడికి అదేపూట సీబీపీ చేస్తే జ్వరం లేకుండానే తెల్లకణాలు ఎక్కువగా ఉండవచ్చు. జబ్బు లక్షణాలు లేనివారికి ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరవాత చేసిన పరీక్షే వారి సహజ స్థితిని చూపిస్తుంది. కొద్దిసేపటి తీవ్ర శ్రమా, చాలాసేపటి మంద శ్రమా ఒకే మొత్తం శక్తిని ఖర్చు చేయించినా రక్తంలో వాటి ఆనవాళ్లు ఒకటి కావు. మొదటిది వెంటనే లేచి వెంటనే దిగుతుంది. రెండోది ఆలస్యంగా లేచి ఆలస్యంగా దిగుతుంది.

పాదం కింద ఎర్రకణాలు

తెల్లకణాలు చోటు మారుతుంటే, దూరపు నడకలో ఎర్రకణాలు కొన్ని నిజంగానే నశిస్తాయి. సుదీర్ఘ కవాతు తరవాత ఒక జర్మన్ సైనికుడికి ఎర్రని మూత్రం వచ్చిన సంగతిని 1881లో ఫ్లైషర్ అనే వైద్యుడు వర్ణించాడు. అడుగు పడిన ప్రతిసారీ అరికాలి సన్నని నాళాల్లోని ఎర్రకణాల్లో కొన్ని ఒంటిబరువు కింద నలిగి చిట్లుతాయని తరవాత తేలింది. బయటికొచ్చిన హిమోగ్లోబిన్‌ను హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. దానికి అందనంత చిట్లితే అది మూత్రంలో కనిపిస్తుంది. నేల గట్టిది కావడం, పాదానికి మెత్త లేకపోవడం, అడుగు బలంగా పడటం, నడక ఎడతెగక సాగడం దీన్ని పెంచుతాయి. చాలామందిలో ఇది స్వల్పం, విశ్రాంతితో సర్దుకుంటుంది. కానీ ఎండలో అతిగా శ్రమించినవారికి టీ డికాక్షన్ రంగు మూత్రం వస్తే అది కండరాలు చితకడానికి గుర్తు కావచ్చు. అప్పుడు మూత్రపిండాలకు ప్రమాదం కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నడకకూ నెత్తురుకూ ఉన్న ఈ సంబంధం మీద మత సాహిత్యంలోనే ఒక ప్రసిద్ధ కథ ఉంది. చంపానగరంలో సుకుమారంగా పెరిగిన సోణ కోళివీసుడు భిక్షువై, నడుస్తూ చేసే ధ్యానంలో అరికాళ్లు చిట్లేదాకా నడిచాడు. అతడు నడిచిన దారి నెత్తుటితో తడిసింది. ఇంత కష్టపడినా విముక్తి రాలేదని నిరాశపడి ఇంటికి తిరిగిపోదామనుకున్నాడు. బుద్ధుడు అతడికి వీణ తీగలను గుర్తుచేశాడు: మరీ బిగించినా మరీ వదులు చేసినా వీణ పలకదు. ఆ తరవాతే సంఘంలో భిక్షువులు చెప్పులు వేసుకోవడానికి అనుమతి వచ్చిందని వినయపిటకం చెబుతుంది. కష్టం ఫలమివ్వని చోట కష్టాన్ని పెంచమని కాక, నియమాన్నే సడలించమని ధర్మం నిర్ణయించిన సందర్భం ఇది.

అలవాటు, విరామం

వారాల తరబడి మితంగా నడిచేవారి రక్తంలో మూడో రకం మార్పు వస్తుంది. మొదట ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది. సాధన చేసినవారిలో ఇది పదీ ఇరవై శాతం దాకా ఉండవచ్చు. ఎర్రకణాలు అంతే ఉండి ద్రవం పెరగడంతో హిమోగ్లోబిన్ అంకె కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. దీన్ని క్రీడాకారుల రక్తహీనత అంటారు గానీ ఇది జబ్బు కాదు. పలచబడిన రక్తం సులువుగా ప్రవహిస్తుంది, వేడిని బాగా వెలికి పంపుతుంది. ఇక్కడ తగ్గిన అంకే బలానికి గుర్తు. కొత్త ఎర్రకణాలు పెరగడం ఇంకా నెమ్మదిగా సాగే పని.

ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల కొత్త కణాలను తయారు చేస్తూ ఉంటుంది. ఈ లెక్కన 41 రోజుల మండలంలో ఎర్రకణాల్లో మూడోవంతు కొత్తవి అవుతాయి. దీక్ష ఉన్నా లేకున్నా ఇది జరిగేదే. అయితే ఆ రోజుల్లో తిన్న తిండిని బట్టే ఆ కణాల నాణ్యత ఉంటుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 లేకుండా మూలుగ సరైన కణాన్ని తయారుచేయలేదు. పైగా సుదీర్ఘ శ్రమ తరవాత మూడు నుంచి ఆరు గంటల వరకు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగులు ఇనుమును తీసుకోకుండా అడ్డుకుంటుంది. ఒంటిపూట భోజనం సరిగ్గా ఆ సమయంలోనే పడితే తిన్న ఇనుములో కొంత వృథా అవుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సగానికి మించే ఉంది. వ్రతాలు, ఉపవాసాలు ఎక్కువగా చేసేదీ స్త్రీలే. మూలుగకు అవసరమైన ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే పరిశోధనను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నవాడు వైద్యం వైపు మళ్లి, రక్తం పుట్టడానికి అవసరమైన పదార్థాన్ని లోకానికి అందించాడు. తపస్సుకు దేహాన్ని శోషింపజేయడం ఒక్కటే రూపం కాదనడానికి ఆ జీవితం ఒక ఉదాహరణ.

అర్జునుడి తపస్సును కూడా క్రమంగా చేసుకునే అలవాటు దృష్టితో చూస్తే ఒక క్రమం కనబడుతుంది. అరణ్యపర్వంలో అతడు మొదటి నెల మూడేసి రాత్రులకొకసారి, రెండో నెల ఆరేసి రాత్రులకొకసారి, మూడో నెల పక్షానికొకసారి ఆహారం తీసుకున్నాడు. నాలుగో నెలలో చేతులెత్తి, కాలివేళ్ల కొనలపై నిలిచి, గాలి మాత్రమే పీల్చి ఉన్నాడు. చివరి దశ ఇతిహాస నాయకుడికే చెల్లింది. కానీ అక్కడికి చేరినది కూడా మెట్టు మెట్టుగానే. ఆపైన శివుడు ప్రసన్నుడై అస్త్రమిచ్చింది ఉపవాసపు రోజులు లెక్కపెట్టి కాదు. కిరాతుడి రూపంలో ఉన్న తనతో పోరాడినప్పుడు అర్జునుడు చూపిన పరాక్రమాన్ని మెచ్చి. ఉగ్ర తపస్సుకు ఆదర్శమైన కథలోనే తపస్సు అర్హతనిచ్చింది, వరం కార్యాన్ని చూసి వచ్చింది.

శాస్త్రాలు గీసిన హద్దు

భగవద్గీత ఆరో అధ్యాయం ఆహారంలో, విహారంలో, నిద్రలో, మెలకువలో మితం ఉన్నవాడికే యోగం సిద్ధిస్తుందంటుంది. పదిహేడో అధ్యాయం ఇంకా కటువుగా మాట్లాడుతుంది. దంభంతో, శాస్త్రవిరుద్ధంగా దేహాన్ని శుష్కింపజేసేవారి నిశ్చయం ఆసురమని, తనను తాను పీడించుకుంటూ మొండిపట్టుతో చేసే తపస్సు తామసమని అది వర్గీకరించింది. రంజాన్ ఉపవాసం విషయంలో ఖురాన్ రోగులకూ ప్రయాణంలో ఉన్నవారికీ మినహాయింపు ఇచ్చి, తప్పిన రోజులను తరవాత పూర్తిచేసుకోమంటుంది.

ఆయుర్వేదం మోతాదుకు గుర్తు కూడా చెప్పింది. వ్యాయామం తన బలంలో సగం మేరకే చేయాలని సుశ్రుతుడు, వాగ్భటుడు నిర్దేశించారు. నోటితో ఊపిరి తీసుకోవలసిన స్థితి వచ్చిందంటే ఆ సగం చేరినట్టేనని సుశ్రుత సంహిత గుర్తిస్తుంది. శ్రమపడుతూ మాట్లాడగలుగుతున్నారా లేదా అని చూసి తీవ్రతను అంచనా వేసే నేటి పద్ధతికి ఇది చాలా దగ్గర. అతివ్యాయామం వల్ల వచ్చే జబ్బుల పట్టికలో వాగ్భటుడు దప్పిక, క్షయం, ఆయాసం, జ్వరాలతో పాటు రక్తపిత్తాన్నీ చేర్చాడు. రక్తపిత్తం అంటే రక్తం బయటికి పోయే వ్యాధి. సూక్ష్మదర్శిని లేని కాలంలోనే అతిశ్రమ రక్తాన్ని తాకుతుందన్న గమనిక ఉంది.

అంకెకు అందనిది

రక్తపు సాక్ష్యానికీ హద్దుంది. భయం, ఉద్వేగం కూడా అడ్రినలిన్‌ను పెంచి తెల్లకణాలను కదిలిస్తాయి కనుక మనసుకు రక్తంతో సంబంధం లేదనలేం. కానీ ఆ కదలిక భక్తి వల్ల వచ్చిందా, భయం వల్ల వచ్చిందా అన్నది అంకె చెప్పదు. గిరిప్రదక్షిణ చేసే భవానీకీ, డెల్టా పొలంలో రోజంతా నడుము వంచి నాట్లు వేసే కూలీకీ, గూడ్సు షెడ్డులో బస్తాలు మోసే హమాలీకీ శ్రమ తీవ్రత, వ్యవధి సమానమైతే రక్తం ఒకేలా స్పందిస్తుంది. సంకల్పం చెప్పుకున్నారా లేదా అని మూలుగ అడగదు.

దీని నుంచి మొదటి పక్షానికి ఇబ్బంది కలిగించే ప్రశ్న పుడుతుంది. కష్టమే పుణ్యమైతే అందరికన్నా పెద్ద తపస్వులు ఆ కూలీ, ఆ హమాలీ కావాలి. ఆ మాట ఒప్పుకోకపోతే కష్టం తనంతట తాను పుణ్యం కాదని ఒప్పుకున్నట్టే. సంప్రదాయం సాధారణంగా ఇచ్చే సమాధానం సంకల్పం: ఎంచుకున్న కష్టమే తపస్సు, తప్పక పడే కష్టం కాదు. ఈ సమాధానంలో న్యాయం ఉంది. అయితే అది అంగీకరించిన క్షణంలో విలువ కష్టపు పరిమాణం నుంచి సంకల్పానికి మారిపోతుంది. ఇక పది కిలోమీటర్లు నడిచినవాడి దీక్ష కన్నా వంద కిలోమీటర్లు నడిచినవాడి దీక్ష పది రెట్లు గొప్పదనడానికి ఆధారం మిగలదు. మోకాళ్ల నొప్పితో బస్సులో వచ్చిన వృద్ధురాలి మొక్కు తక్కువదనడానికీ ఆధారం లేదు.

కనుక తపస్సుకు కొలతలు రెండు, అవి వేరువేరు. సంకల్పాన్ని కొలవడం మతం పని, దానికి రక్తంలో ఆనవాలు లేదు. దేహం మోయగల భారాన్ని కొలవడం శరీరశాస్త్రం పని, దానికి మొక్కు బలంతో మినహాయింపు లేదు. దీక్షకు కొన్ని వారాల ముందే నడక మొదలుపెట్టి క్రమంగా దూరం పెంచడం, రక్తహీనత ఉందేమో ముందే చూపించుకోవడం, నీళ్లు తాగుతూ మధ్యమధ్య ఆగడం, నడక ముగిశాక ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవడం రెండో కొలతకు చెందినవి. తల తిరగడం, ఛాతీ నొప్పి, మూత్రం రంగు మారడం కనిపిస్తే నడక ఆపడమూ అంతే. వీటిని పాటించడం వల్ల మొదటి కొలతలో తరిగేదేమీ లేదు. గీత, వినయపిటకం, ఖురాన్, ఆయుర్వేదం తమతమ దారుల్లో మితానికి చోటిచ్చాయి కనుక, ఆపవలసిన చోట ఆగడం దీక్షలో లోపం కాదు, దీక్షలో భాగమే.